ఎండకు నువ్వు, చెవికి నేను

హిందూపురం,
ఫిబ్రవరి 11

హనుమక్కకు ఖైరున్‌బీ సలాం.

నిన్న నీకు ఫోన్ చేశాను. నువ్వే ఎత్తావు. "ఎట్లుండావు హనుమక్కా" అని అడిగితే "గోరుచిక్కుడుకాయ కూర" అన్నావు. "మోకాలి నొప్పి తగ్గిందా" అంటే "ఆ, పొద్దున్నే పోసుకున్నా" అన్నావు. నేను ఇంకోసారి అడగబోతే "సరే, అట్లే కానీలే" అని పెట్టేశావు. ఏమి కానీమన్నావో నాకు ఇప్పటికీ తెలియదు.

మళ్ళీ చేస్తే మీ కోడలు యామిని ఎత్తింది. "అత్తకు ఫోన్లో ఏమీ ఇనపడదు ఖైరత్తా. ఎవురేమి అడిగింటారో అంచనా కట్టి చెప్తాది. ఎదురుగా కూర్చోని గట్టిగా అరిస్తే కొంచెం ఇంటాది" అంది. పెనుకొండ దర్గా వీధిలో ఒకటే గోడకు అటూ ఇటూ అన్నేళ్ళు కాపురం చేశాం. నేను ఈ పక్క తాళింపు వేస్తే ఆ పక్క నుంచి "ఆవాలు మాడిపోతాండాయి ఖైరూ" అని అరిచేదానివి. ఆ చెవులేనా ఇవి?

అందుకే ఈ ఉత్తరం. తపాలా కార్డు దొరుకుతుందో లేదో అనుకున్నాను. దొరికింది గానీ నీతో మాట్లాడడానికి కార్డు చాలదని కవరు కొన్నాను.

ఇక్కడి సంగతులు. మా అబ్బాయి ఇర్షాద్ మోటార్ సైకిల్ షాపు బాగానే నడుస్తోంది. పొద్దున్నుంచి ఇంటి దాకా ఆ బండ్ల మోతే. అంజుమ్ మంచి కోడలు, అయితే పనిచేసినంత సేపూ ఏదో ఒకటి గొణుగుతుంది. సుల్తాన్‌కు ముసలితనం వచ్చింది. నా కుట్టు మిషన్ మీద పడుకుని గురకపెడుతున్నాడు. పిల్లి గురకపెట్టడం నువ్వు ఎప్పుడైనా విన్నావా? అడిగినందుకు ఏమీ అనుకోకు. కరెంటు మీటరు పెట్టెలో పిచ్చుకలు గూడు పెట్టాయి. తెల్లవారక ముందే కిచకిచ మొదలు. పిల్లలు రెండో మూడో ఉన్నాయని గొంతుల్ని బట్టి చెప్పగలను.

మీ కోడి పొదుగుకు వచ్చిందా? వస్తే రాయి. ఇర్షాద్ మీ ఊరి పక్క ఎర్రమంచి వైపు వచ్చినప్పుడు గుడ్లు పంపుతాను. గుడ్డును ఎండకు పట్టి, పెంకులో చీలిక ఉందా, గుడ్డు పాతబడిందా అని ఏరడం ఎప్పుడూ నా పనే. పొదిగే రోజులు నిండాక చెవికి పెట్టుకుని లోపల పిల్ల అరుస్తోందా అని వినడం నీ పని. ఈసారి నీ పని ఎవరు చేస్తారో చూద్దాం.

ధర్మవరంలో నీ కూతురు చెవి మిషన్ కొనిచ్చిందట కదా. దాన్ని యాడ దాచిపెట్టావు?

గోడ అవతలి మనిషి,
ఖైరున్‌బీ


పెనుకొండ,
ఫిబ్రవరి 25

ఖైరూ,

నీ ఉత్తరం చూసి పోస్టుమ్యాన్ కంటే మా కరియ ఎక్కువ సంబరపడింది. ఈ ఇంట్లో ఇప్పుడు నా చెవులు ఆ నల్లకుక్కే. ఎవరైనా తలుపు తడితే వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టి లాగుతుంది. పాలవాడికి ఒక రకంగా, చుట్టాలకు ఒక రకంగా లాగుతుంది. నీ ఉత్తరానికి ఏకంగా చీర చింపింది. కుట్టడానికి నీకే పంపాలి.

చెవి మిషన్ ట్రంకు పెట్టెలో ఉంది. ఏమి జరిగిందో చెబుతాను, తర్వాత తిట్టు. ధర్మవరంలో మా ఉలిగమ్మ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి దాన్ని పెట్టించింది. ఇంటికి వచ్చేసరికి రెండు మగ్గాలూ ఆడుతున్నాయి. ఆ మోత నా తల లోపలే జరిగినట్టు అయింది. పక్కింటి కుక్కరు, నా సొంత గాజులు, నేను మజ్జిగ మింగిన చప్పుడు కూడా వినబడింది. నా గొంతు ఇంత వికారంగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు కూడా చెప్పలేదు. పొద్దుగుంకక ముందే తీసేశాను.

ఇంకో మాట, నీకు కాబట్టి రాస్తున్నాను. చెవుడు వచ్చాక నేను చాలా మంచి అత్తనయ్యాను. యామిని ఏమి గొణిగినా నాకు తెలియదు. నాకు తెలియదని ఆమెకు తెలుసు. ఇద్దరికీ హాయిగా ఉంది. వీధిలో కూడా నాకు మంచి పేరు వచ్చింది. ఎవరు వచ్చి ఏమి చెప్పుకున్నా వాళ్ళ మొహం చూస్తూ సమయానికి "ఊ" అంటాను. కళ్ళు తుడుచుకుంటే చెయ్యి పట్టుకుంటాను. "హనుమక్క మాదిరి ఇనేవాళ్ళు యాడా లేరు" అంటున్నారట. నేను ఒక్క ముక్క వినను.

మా కొడుకు శేఖరకు కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు మారింది. పగలు ఇంట్లో నిద్రపోతాడు. అందరూ పిల్లుల మాదిరి నడుస్తారు. నాకు తేడా తెలియదు.

కొండ మీద నుంచి నెమళ్ళు మళ్ళీ దిగాయి. పెరట్లో వేరుశెనగ ఎండబోస్తే ఒకటి వచ్చి దర్జాగా తింటోంది. మెడ నీలం, ఎండ తగిలితే పచ్చ. నేను నిలబడి చూస్తున్నాను. అది మెడ చాచి నోరు తెరిచింది, గొంతు కదిలింది, కరియ అదిరిపడింది. నా దాకా ఏమీ రాలేదు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేకపోయాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

మా జుట్టుకోడి పొదుగుకు వచ్చింది. గుడ్లు పంపు.

నీ చెవిటి
హనుమక్క


హిందూపురం,
మార్చి 9

హనుమక్కా,

ఇర్షాద్ చేతికి గంప ఇచ్చి పంపుతున్నాను. ఊకలో సర్దాను, జాగ్రత్తగా తియ్యి. ఒక్కొక్కటీ ఎండకు పట్టి చూసి ఏరాను. అందులో ఒకటి చేతికి మంచి బరువుగా తగిలింది. అది తప్పకుండా పుంజవుతుంది. పేరు ఇప్పుడే ఆలోచించి పెట్టుకో. కోడి కింద గుడ్లు పెట్టేటప్పుడు గంపలో ఇనుప ముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ మరిచిపోకు. ఉరిమితే గుడ్లు మురిగిపోతాయి. మా పక్కింటి షమీమ్‌కు పోయిన నెల నేనే ఏరి ఇచ్చాను. అన్నీ మురిగాయి. ఇనుప ముక్క పెట్టలేదట, ఉరుములకు పోయాయి. షమీమ్ అది ఒప్పుకోకుండా నాతో అదో మాదిరిగా మాట్లాడుతోంది.

నీ నెమలి సంగతి చదివించి, అంటే చదివి, నాకూ బాధయింది. అది అరిస్తే తలుపు కీలు అరిచినట్టు ఉంటుంది, నువ్వేమీ పోగొట్టుకోలేదు అని రాద్దామనుకున్నాను. కానీ అబద్ధం. నాకు ఆ అరుపంటే ఇష్టం.

నా కుట్టుపని కొంచెం తగ్గించాను. ఈమధ్య దారం మంచిది రావడం లేదు, సూదిలోకి పోనే పోదు. బల్బు కూడా కంపెనీ మారింది. మొన్న ఒకామె జాకెట్టుకు రెండు చేతులూ ఒకే పక్కవి పడ్డాయి. ఆమె అరిచిన అరుపుకు సుల్తాన్ మిషన్ మీద నుంచి దూకాడు. ఆమె గుడ్డదే తప్పు, ముందూ వెనకా ఒకటే మాదిరి ఉంటుంది.

అక్షరాలు పెద్దగా ఉన్నాయని నవ్వకు. పెన్ను లావుది.

నీ మిషన్‌ను ట్రంకు పెట్టెలో నుంచి తియ్యి. చెవుడుతో మంచి అత్త కావడం గొప్ప కాదు. విని కూడా మంచిగా ఉంటే అప్పుడు చెప్పు. నాలుగు రోజులు పెట్టుకుంటే ఏమి పోతుంది? నాకైనా నీతో ఫోన్లో పోట్లాడాలని ఉండదా?

ఖైరున్‌బీ


పెనుకొండ,
ఏప్రిల్ 3

ఖైరూ,

కూర్చుని చదువు. నీళ్ళ చెంబు పక్కన పెట్టుకో.

నీ గంప వచ్చిన రోజు, మన పద్ధతిలోనే, దీపం పెట్టకుండా, మసక పడ్డాక కోడి కింద గుడ్లన్నీ తోశాను. నువ్వు ఏరిన గుడ్డును నేను మళ్ళీ చూసి ఎరుగుదునా? ఇనుప ముక్క పెట్టాను. బొగ్గు పెట్టాను. మిరపకాయ కూడా పెట్టాను. పాపం జుట్టుకోడి నీళ్ళకు తప్ప లేవకుండా పొదిగింది.

మొన్న రోజులు నిండాయి. మెట్ల కింద కూర్చుని ఒక్కో గుడ్డు తీసి చెవికి పెట్టుకున్నాను. ఈ చెవికి పెట్టాను, ఆ చెవికి పెట్టాను. ఏమీ లేదు. అన్నీ చచ్చినవే అనుకున్నాను ఖైరూ. నా చెవుల సంగతి నాకు తెలియకనా? తెలుసు. అయినా అన్నేళ్ళ అలవాటు, గుడ్డు చెవికి తగలగానే నేను చెవిటిదాన్నన్న మాటే మరిచాను. గంప ఎత్తుకుని దిబ్బ దగ్గరికి పోతుంటే యామిని పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టింది. నా మొహంలో మొహం పెట్టి, "అత్తా, యాడికి పోతాండావు? లోపల పిల్లలు అరుస్తాండాయి" అంది. కరియ కూడా గంప చుట్టూ తిరుగుతోంది. ఇంకో నాలుగడుగులు వేసుంటే బతికిన పిల్లల్ని నా చేత్తో పారేసేదాన్ని. గంప అక్కడే దించాను.

ఇంక నీ సంగతి. కొన్నింటి పెంకు పగిలి పిల్లలొచ్చాయి, ఇప్పుడు నా మంచం కింద తిరుగుతున్నాయి. ఎక్కువ భాగం పాతబడ్డ గుడ్లు, మురిగాయి. నువ్వు చెప్పిన ఆ బరువైనది, పుంజయ్యేది, దాన్ని వెలుతురులో చూశాను. అది కూరకు వండుకునే ఉర్లగడ్డ. కోడి దాన్ని రోజులు నిండేదాకా పొదిగింది. మొలక కూడా వచ్చింది.

నేనూ యామినీ నవ్వీ నవ్వీ మెట్ల మీద పడ్డాం. శేఖర నిద్ర లేచి వచ్చి, "ఏమి జరిగింది" అని అడిగితే చెప్పలేక ఉర్లగడ్డ చూపించాం. తర్వాత నేను ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు నవ్వు పోయింది. నీ ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. నీ పిచ్చుకలకు గొంతు ఉంది, రంగు లేదు. నీ పిల్లి గురకపెడుతుంది, ఎలా ఉందో రాయవు. జాకెట్టు కుట్టిన మనిషివి, ఎప్పుడూ గుడ్డ ఏ రంగో ముందు చెప్పేదానివి. ఇప్పుడు ఆమె అరుపు మాత్రమే రాశావు. షమీమ్ గుడ్లు ఉరుములకు పోయాయన్నావు. నాకు ఉరుము వినపడదు గానీ మెరుపు కనపడుతుంది కదా. శివరాత్రి నుంచి ఈ పక్క మబ్బు తునక లేదు.

నీకు కళ్ళు పోతున్నాయి ఖైరూ. ఎప్పటి నుంచి? నాకెందుకు చెప్పలేదు?

హనుమక్క

ఉర్లగడ్డను పెరట్లో నాటాను. నీ పేరు పెట్టాను.


హిందూపురం,
ఏప్రిల్ 17

హనుమత్తా, నేను అంజుమ్ రాస్తాండా. మా అత్త మంచం మింద కూర్చోని చెప్తాండాది. ఏమి చెప్తే అదే రాయల్లంట, ఒక్క అక్షరం మార్చకూడదంట. ఇంక ఆమె మాటలు.

హనుమక్కా, ఆ ఉర్లగడ్డ నేను పెట్టలేదు. అంజుమ్ పెట్టింది.

(లేదు హనుమత్తా. నేను ఆ పొద్దు మా అమ్మోళ్ళ ఇంట్లో పరిగిలో ఉండా. – అంజుమ్)

ఏమి రాసుకుంటాండావు ఆడ? నేను చెప్పింది రాయి. గుడ్లూ ఉర్లగడ్డలూ ఒకే బుట్టలో పెడితే ఎవురికైనా అట్లే అయితాది. ఎండకు పట్టినా. అన్నీ ఒకే మాదిరి నల్లగా ఉండాయి. బరువు చూసి బలమైన గుడ్డు అనుకుంటి. సరే, నవ్వుకో.

కుడి కన్ను పోయిన వానకాలం నుంచే మబ్బు. ఎడమది సంక్రాంతి దాటినాక మొదలైంది. పొర అంట. డాక్టరు ఆపరేషన్ అంటాడు. ఇర్షాద్ రోజూ అంటాడు. నేను చేయించుకోను. పరిగిలో మా అక్కకు చేస్తే చీము పట్టి ఆ కన్ను మొత్తానికే పోయింది. ఇప్పుడు నాకు మసకమసకగా అయినా మనిషి వచ్చేది తెలుస్తాది. ఆ రోంత చూపు కూడా పోతే నేనేమి చేసేది?

(మా అత్త ఏడుస్తాండాది. ఇది రాయొద్దంటాది. రాస్తాండా. – అంజుమ్)

నీ పోయిన రెండు ఉత్తరాలూ ఈమెనే చదివింది. గట్టిగా చదివింది. నెమలి సంగతి నువ్వు ఎవురికీ చెప్పలేదని రాస్తివి, అది కూడా చదివింది. ఒకరి చేత చదివించుకోని, ఒకరి చేత రాయించుకుంటే అవి మన మాటలేనా హనుమక్కా? నీకు ఫోన్లో ఇనపడదు. నాకు కాగితం మింద కనపడదు. మా ఆయన జిలాన్ పోయినాక నాకు మాట్లాడేకి నువ్వొక్కదానివే ఉండేది. ఇంక ఇది కూడా అయిపోయింది. నువ్వు ఆడ గమ్మున ఉండు. నేను ఈడ గమ్మున ఉంటా.

పిల్లలకు నూకలు వెయ్యి. గద్దలు చూసుకో.

(హనుమత్తా, ఆమె మాటలు పట్టించుకోవద్దు. మీరు చెప్తే ఇంటాది. మేము చెప్తే ఇనదు. – అంజుమ్)


ధర్మవరం,
మే 6

ఖైరూ,

ఇది నువ్వే చదువుకో. అంజుమ్‌కు ఇవ్వకు. అక్షరాలు చింతగింజంత రాశాను. లావు స్కెచ్ పెన్ను. ఎండలో పట్టుకో. నిదానంగా చదువు. కాగితాలు ఎన్నయినా పర్వాలేదు.

ఉలిగమ్మ ఇంట్లో ఉన్నాను. చెవి మిషన్ ట్రంకులో నుంచి తీశాను. డాక్టర్ దగ్గరికి మళ్ళీ పోయాను. మోత తగ్గించి పెట్టాడు. "ఒకేసారి అంతా వినాలని చూడొద్దమ్మా, రోజూ కొంచెం కొంచెం అలవాటు చేసుకో" అన్నాడు. ఆ మాట నేను విన్నాను.

రోజూ మగ్గం పక్కన కూర్చుంటున్నాను. మొదట తలనొప్పి. ఇప్పుడు మోతలో నుంచి మనిషి గొంతు ఏరుకోవడం వస్తోంది, రాళ్ళలో నుంచి బియ్యం ఏరినట్టు. ఆవాలు చిటపటమన్నాయి. నీ తాళింపు గుర్తొచ్చి వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఉలిగమ్మ కంగారుపడింది.

ఇప్పుడు నా లెక్క విను. నీ కంటికి ఆపరేషన్ చేస్తారు. దానికి పట్టీ కడతారు. ఇంకో కన్ను మబ్బు. అప్పుడు నేను ఎంత లావుగా రాసినా నువ్వు చదవలేవు. నీతో మాట్లాడాలంటే నేను నోటితో చెప్పాలి, నువ్వు నోటితో చెప్పాలి, నేను వినాలి. అందుకని మిషన్ పెట్టుకున్నాను. నీ కోసమే. మా ఉలిగమ్మ కోసం కాదు, ఆమెకు చెప్పకు.

నీ భయం తప్పని చెప్పను. మీ అక్కకు అలా అయింది. అందుకే నేను వస్తాను. కంట్లో చుక్కలు నేను వేస్తాను. నీ చేతులు కట్టేసైనా కన్ను నలపకుండా చూస్తాను. తలకు నీళ్ళు తగలనివ్వను. నువ్వు గొణిగితే వింటాను, ఇప్పుడు వినగలను.

గమ్మున ఉందామన్నావు. నువ్వు ఉంటే ఉండు. నాకు చేతకాదు.

రోజు ఖాయం చేసుకుని ఇర్షాద్ చేత చెప్పించు. ఫోన్ చేయమను. నేనే ఎత్తుతాను. గోరుచిక్కుడుకాయ కూర అనను.

హనుమక్క


హిందూపురం,
జూన్ 12

హనుమక్కా,

ఇది నేనే రాస్తున్నాను. నా పెన్నుతో. లావు పెన్ను కాదు, మామూలుది. అక్షరాలు చూడు. గీతల మీద నిలబడ్డాయి.

నా ఆపరేషన్‌కు వచ్చి నువ్వు తిరిగి ఊరికి పోయినప్పటి నుంచి చూడడమే నాకు పని. కొత్త కన్నుతో మొదట చూసింది సుల్తాన్‌ను. వాడు తెల్లగా ఉంటాడనుకున్నాను. ఇర్షాద్ షాపు నూనె అంతా వాడి మీదే ఉంది. తర్వాత మా వంటింటి గోడలు చూశాను. చూడకుండా ఉంటేనే బాగుండేది. అంజుమ్ ముక్కుపుడక ఎర్రరాయిదని ఇన్నాళ్ళకు తెలిసింది. పిచ్చుక పిల్లలు ఎగిరిపోయాయి, గూడు ఒకటే మిగిలింది. అందులో నా మిషన్ దారాలు ఉన్నాయి, పసుపు, వంకాయ రంగు, మామిడిచిగురు రంగు. కింద పడ్డవన్నీ ఏరుకుపోయినట్టున్నాయి. ఇదిగో, రంగులు రాశాను. తృప్తిగా ఉందా?

షమీమ్ దగ్గరికి పోయి గుడ్లు ఉరుములకు పోలేదని చెప్పేశాను. "నాకు అప్పుడే తెలుసు ఆపా, నువ్వు బాధపడతావని ఊరుకుంటి" అంది. జాకెట్టు ఆమె మాత్రం ఇంకా ఊరుకోలేదు.

నిన్ను కూడా చూశాను. బస్సు ఎక్కేటప్పుడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. కరియ చింపిన చీరను నువ్వు కుట్టిన కుట్టు చూశాను. అది కుట్టు కాదు, ఇంకోసారి చింపడం. పంపు, విప్పి మళ్ళీ కుడతాను.

ఇంకో సంగతి రాయాలని రెండు రోజులుగా చూస్తున్నాను. పట్టీ కట్టిన మరునాడు మధ్యాహ్నం, అంజుమ్ బజారుకు పోయినప్పుడు, నేను పడుకుని నీతో చెప్పానే, జిలాన్ పోయిన రోజు సంగతి. ఇర్షాద్‌కు కూడా తెలియదది. ఇన్నేళ్ళూ గొంతులో పెట్టుకుని తిరిగాను. కళ్ళు మూసి ఉన్నాయి కాబట్టి చెప్పగలిగానేమో. నువ్వు మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. "నీ తప్పేమీ లేదు ఖైరూ" అని కూడా అనలేదు. ఊ అన్నావు, చెయ్యి పట్టుకున్నావు. అంతే. నాకు అదే కావలసింది. ఆ సాయంత్రం నేను నిద్రపోయిన నిద్ర ఎన్నేళ్ళకు పోయానో తెలియదు. నువ్వు ఏమనుకున్నావో మాత్రం తెలియలేదు. నీ మొహం చూసే వీలు లేదు కదా.

చెప్పాలనిపిస్తే రాయి. లేకపోతే వద్దు.

నీ ఒంటికన్ను
ఖైరున్‌బీ

రెండో కన్నుకు వచ్చే నెల చేస్తారట. నాకిప్పుడు భయం లేదు. కొంచెం ఉంది.


పెనుకొండ,
జూన్ 19

ఖైరూ,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. ఫోన్ చేయొచ్చు. ఇప్పుడు నాకు ఫోన్లో వినపడుతుంది కూడా. కానీ ఈ మాట ఫోన్లో చెప్పే ధైర్యం లేదు, అందుకని రాస్తున్నాను.

ముందు మంచి సంగతులు. నెమలి అరుపు విన్నాను. పెరట్లోకి పరిగెత్తాను, మోకాలు పట్టేసింది, అయినా పోయాను. నువ్వన్నట్టు తలుపు కీలు అరిచినట్టే ఉంది. మళ్ళీ అరిచేదాకా నిలబడ్డాను. యామిని గొణుగుడు కూడా వినపడుతోంది. ఇన్నాళ్ళూ నన్ను తిడుతోందనుకున్నాను. తిట్లు కాదు, లెక్కలు. పాలకు ఇంత, గ్యాసుకు ఇంత, అత్త మాత్రలు అయిపోయాయి, తేవాలి అని. మనసులో పెట్టుకున్నందుకు సిగ్గుపడి నిన్న ఆమెకు బొబ్బట్లు చేసిపెట్టాను. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

నీ ఉర్లగడ్డ మొక్క ఎండకు మాడిపోయింది. నీ గుడ్ల పిల్లల్లో ఒకటి పుంజే. పొద్దున్నే గొంతు సవరించుకుంటోంది గానీ ఇంకా కూత రాలేదు.

ఇంక అసలు మాట. ఆ మధ్యాహ్నం నువ్వు చెప్పడం మొదలుపెట్టావు. "జిలాన్ పోయిన రోజు" అన్నావు. అంతవరకు విన్నాను. అప్పుడే మిషన్ రెండు సార్లు కుంయ్ మని ఆగిపోయింది. బ్యాటరీ. కొత్తవి ఇక్కడ ట్రంకు పెట్టెలో మరిచి వచ్చాను. నిన్ను ఆపి చెబుదామని నోరు తెరిచాను. నీ మొహం చూశాను. పట్టీ కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి, కన్ను తడవకూడదని డాక్టర్ చెప్పాడు, తుడుస్తూ కూర్చున్నాను. ఆపితే నువ్వు మళ్ళీ ఎప్పటికీ మొదలుపెట్టవని తెలుసు. అందుకని ఊ అన్నాను. నీ పెదవులు ఆగినప్పుడల్లా ఊ అన్నాను.

ఒక్క ముక్క వినలేదు ఖైరూ.

చెప్పకుండా ఉండొచ్చు. నువ్వు హాయిగా నిద్రపోయావు, నాకు మంచి పేరు వచ్చింది. ఈ వీధిలో అందరి దగ్గరా నేను చేసేది అదే. కానీ నీ దగ్గర చేయలేను. ఇన్నేళ్ళు మోసిన మాటను నువ్వు నా చేతిలో పెట్టావు. నా చెయ్యి ఖాళీగా ఉంది.

కోపం వస్తే రానీ. ఎంతైనా తిట్టు, ఇప్పుడు ప్రతి తిట్టూ వినపడుతుంది.

శుక్రవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. జుట్టుకోడి మళ్ళీ పొదుగుకు వచ్చింది, గుడ్లు గంపలో తెస్తాను. ఎండకు నువ్వు పట్టు. ఏరినాక అంజుమ్‌ను బజారుకు పంపు. కొత్త బ్యాటరీలు వేసుకుని, ఇంకో జత కొంగున ముడేసుకుని వస్తాను. జిలాన్ పోయిన రోజు సంగతి మొదటి నుంచి చెప్పు. ఈసారి నేను ఊ అంటే, విని అన్నట్టు.

హనుమక్క